చేలో నిలబడిన మనిషి పేరు రాయండి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల వ్యవసాయ, రెవెన్యూ శాఖల అధికారులకు, బ్యాంకు మేనేజర్లకు, ప్రజాప్రతినిధులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మీకందరికీ నమస్కారం.

నేను పెన్నా ఆయకట్టు కింద ఒక ఊళ్లో మూడెకరాలు కౌలుకు సాగుచేస్తున్నాను. మా పొదుపు సంఘానికి లెక్కల పుస్తకం రాసేదీ నేనే. కౌలు రైతు కార్డుల విషయమై రెండేళ్లలో మూడు అర్జీలు ఇచ్చాను. రెండింటికి రసీదులు ఉన్నాయి, జవాబు లేదు. మూడోదానికి మాత్రం ఫోనుకు సందేశం వచ్చింది: ‘మీ సమస్య పరిష్కరించబడినది.’ ఏది పరిష్కరించారో ఈ రోజుకీ నాకు తెలియదు. అప్పుడు లేని కార్డు ఇప్పుడూ లేదు. అందుకే ఇక కాగితం మడిచి కిటికీలో ఇవ్వడం మాని, అందరూ చదివేలా రాస్తున్నాను. ఏ ఒక్క ఉద్యోగి మీదా ఫిర్యాదుగా దీన్ని తీసుకోవద్దు.

ముందుగా నా కళ్ల ముందు జరిగిన ఒక సంగతి చెబుతాను.

ఈ రబీలో పంట నమోదుకు మా రైతు సేవా కేంద్రం నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. మా పొలానికి రెండు మడుల అవతల మా వదిన రెండెకరాలు చేస్తుంది. భర్త పోయి ఆరేళ్లయింది. దుక్కి మొదలు కోత దాకా ఆమెదే పూచీ. ఆ రోజు మోకాలి లోతు బురదలో ఉంది. ‘ఇటు చూడక్కా’ అని అతను గట్టు మీద నుంచి ఫోటో తీశాడు. తరువాత ‘పట్టా ఎవరి పేరున ఉందక్కా?’ అని అడిగాడు. ఆమె బెంగళూరులో ఉంటున్న భూయజమాని పేరు చెప్పింది. అతను ఆ పేరే ఎక్కించాడు, ఫోను నంబరూ ఆయనదే రాసుకున్నాడు. ఓటీపీ బెంగళూరు వెళ్లింది. సాయంత్రం సంఘం సమావేశంలో వదిన నన్నడిగింది: ‘ఫోటోలో ఉన్నది నేనే కదా, పేరు ఆయనది ఎందుకు రాశారు?’

లెక్కలు రాసే మనిషిని కాబట్టి నాకు తెలుస్తుందని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ ప్రశ్ననే ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను.

ఆ అబ్బాయిని తప్పుపట్టను. సాగుదారు పేరు రాయాలంటే కార్డు చూపమంటారు. కార్డు కావాలంటే యజమాని సంతకం కావాలి. ఆ ఒక్క సంతకం దగ్గర తెగిపోతున్నవి ఎన్నో, మాకు తెలిసినంతవరకు వరుసగా చెబుతాను.

1. చట్టం. 2011లో వచ్చిన భూ అధీకృత సాగుదారుల చట్టం కింద రుణ అర్హత కార్డులు ఇచ్చేవారు. దరఖాస్తు పెట్టుకుంటే ఊళ్లో విచారించి, గ్రామసభలో అడిగి ఇచ్చేవారు. యజమాని సంతకం తప్పనిసరి కాదు. ఆ పద్ధతిలోనూ లోపాలు లేకపోలేదు, బ్యాంకులు ఆ కార్డులను పెద్దగా పట్టించుకోలేదు. 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. 11 నెలల ఒప్పందం, దాని మీద యజమాని సంతకం, అప్పుడే సాగు హక్కు పత్రం. మేము కార్డు అంటున్నది దీన్నే. పత్రం పంట మీద మాత్రమే హక్కు ఇస్తుందని, భూమి మీద ఏ హక్కూ ఇవ్వదని ఆ చట్టమే చెబుతోంది. అయినా యజమానులు భయపడుతున్నారు.

మా యజమాని మంచివారు. పోయిన ఏడాది తుపానుకు నారు పోతే కౌలులో కొంత తగ్గించారు కూడా. సంతకం అడిగితే మాత్రం, ‘అమ్మా, నీ మీద నమ్మకం లేక కాదు. రేపు పొలం అమ్ముకోవాల్సి వస్తే ఈ కాగితం అడ్డం పడుతుందని మా పిల్లలు అంటున్నారు’ అన్నారు. మరీ గట్టిగా అడిగితే వచ్చే ఏడాది పొలం వేరొకరికి ఇస్తారు. అది వారూ అననక్కర్లేదు, నేనూ వినక్కర్లేదు. ఊళ్లో ప్రతి కౌలు రైతుకూ తెలిసిన మాటే. మా సంఘంలో 11 మంది సభ్యులం. ఏడుగురం కౌలు చేస్తున్నాం. కార్డు ఉన్నది ఒక్కరికే, అదీ పొలం ఆమె సొంత మేనమామది కాబట్టి.

2. పెట్టుబడి సాయం. 2025 ఆగస్టు 2న మన ప్రకాశం జిల్లా దర్శి మండలం తూర్పు వీరాయపాలెంలోనే ముఖ్యమంత్రి గారు అన్నదాత సుఖీభవ ప్రారంభించారు. ఏడాదికి 20,000 రూపాయలు, అందులో పీఎం కిసాన్ కింద కేంద్రం ఇచ్చేది 6,000. పీఎం కిసాన్ భూమి ఉన్న కుటుంబాలకే. కౌలుదారుకు రాష్ట్రం ఇచ్చేదానికైనా కార్డు కావాలి. 2019 నాటి రైతు భరోసాలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాల్లో భూమి లేని కౌలుదారులకు సాయం ఇచ్చారు, అది మంచి పనే. అయితే మా ఊళ్లోనే సెంటు భూమి లేని అగ్రకుల కౌలుదారులు ఇద్దరున్నారు, వారి అప్పులు మావాటి కంటే తక్కువేమీ కావు. అందరినీ కలుపుకొని పోవడమంటే వారినీ కలుపుకోవడమే అని నేను నమ్ముతాను.

3. అప్పు. ఇక్కడ కొంచెం లెక్క చెప్పనివ్వండి, నా పని అదే కాబట్టి. పంట రుణం 7 శాతం వడ్డీకి వస్తుంది. 3 లక్షల లోపు రుణాన్ని గడువులో కడితే మరో 3 శాతం రాయితీ పోయి 4 శాతమే పడుతుంది. లక్ష రూపాయలకు ఆరు నెలలకు వడ్డీ 2,000. మేము తెచ్చేది నూటికి నెలకు 3 రూపాయల వడ్డీకి. అదే లక్షకు అదే ఆరు నెలలకు 18,000. తేడా 16,000. ఈ కోతల్లో దళారీ మాకు పుట్టి (850 కిలోలు) వడ్లకు ఇచ్చిన ధర కూడా 16,000 రూపాయలే. అంటే లక్ష అప్పు చేసిన ప్రతి కౌలు రైతూ కార్డు లేనందుకు ఒక పుట్టి వడ్లు వడ్డీ వ్యాపారికి కొలిచి ఇస్తున్నట్టు. ఎకరానికి పుట్టి కౌలు ముందే యజమానిది. నాలుగు పుట్లు పండిన ఎకరంలో మిగిలినదాంతోనే విత్తనం, ఎరువులు, కూలి, ట్రాక్టరు, కోత మిషను.

తనఖా లేని వ్యవసాయ రుణ పరిమితిని రిజర్వు బ్యాంకు 2025 జనవరి 1 నుంచి 1.6 లక్షల నుంచి 2 లక్షలకు పెంచింది. పేపర్లో చదివి సంతోషించాను. మా దగ్గర బ్యాంకులో అడిగితే పాస్‌బుక్ తెమ్మన్నారు. అదే బ్యాంకు మా పొదుపు సంఘానికి తనఖా అడగకుండా అప్పు ఇస్తోంది, సంఘాలకు 10 లక్షల దాకా తనఖా అడగకూడదన్నదే నియమం. మేము ఒక్క వాయిదా తప్పలేదు. ఆ సంఘం అప్పు తెచ్చి ఏం చేస్తున్నామనుకుంటున్నారు? కౌలు కడుతున్నాం, యూరియా కొంటున్నాం. ఇదే మనిషి సంఘం సభ్యురాలిగా వస్తే నమ్మకం ఉంది, రైతుగా వస్తే లేదు.

4. తుపాను, బీమా. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు మా నారుమళ్లు మునిగిపోయాయి, నాటిన పైరు కుళ్లిపోయింది. నీటి వసతి ఉన్న పంటకు అప్పట్లో విపత్తు సాయం హెక్టారుకు 17,000 రూపాయలు. అది పంట నమోదులో ఎవరి పేరుంటే వారి ఖాతాకే పోతుంది. కొందరు యజమానులు ఆ డబ్బు తెచ్చి కౌలుదారు చేతిలో పెట్టారు, వారికి చేతులెత్తి మొక్కుతాను. కానీ అది వారి మంచితనం, మా హక్కు కాలేదు. ఇక 2024 రబీ నుంచి పంటల బీమాకు రైతు తన వాటా ప్రీమియం కట్టుకోవాలి. రబీ ఆహార పంటలకు బీమా మొత్తంలో 1.5 శాతం. కట్టడానికి మేము సిద్ధమే. కట్టినా పరిహారం వచ్చేది ఎవరి పేరున?

5. అమ్మకం. 2025-26లో సాధారణ రకం వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. అంటే మా పుట్టికి 20,000 రూపాయల పైమాటే. కొనుగోలు కేంద్రంలో ఇవ్వాలంటే పంట నమోదు, ఈకేవైసీ ఉండాలి. అవి లేక కళ్లంలోనే దళారీకి ఇచ్చాం. 16,000 ధర కట్టాడు. పైగా తేమ ఉందని పుట్టికి కొన్ని కిలోలు అదనంగా కొలిపించుకున్నాడు. ఆరబెట్టుకునే చోటు మాకెక్కడిది? యజమాని కళ్లం తాళం వేసి ఉంది.

6. సాగు కాలం. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని మా జిల్లాలో పెద్దది. రాష్ట్రంలో చాలా చోట్ల పెద్ద పంట ఖరీఫ్. నెల్లూరులో ఈశాన్య రుతుపవనాల మీద, సోమశిల నీటి మీద పండే రబీయే మాకు పెద్ద పంట. దాని తరువాత వేసవిలో మొదలుపెట్టే రెండో పంట ఎడగారు. మా ఊరికి కార్డుల కోసం సిబ్బంది వచ్చింది జూన్‌లో. అప్పటికి రబీ కౌళ్లు ఎవరివీ తేలలేదు. తేలేసరికి కార్డుల గడువు పోయిందన్నారు.

7. ఆడవాళ్లు. సొంత పొలం ఉన్న ఇళ్లలోనూ మా పేరు కాగితం మీద లేదు. కూతురికి ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇస్తూ మన రాష్ట్రం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లో ఉంది, దేశమంతటికీ అది 2005లో గాని రాలేదు. ఇరవై ఏళ్లు ముందున్నాం. అయినా పెళ్లి కట్నంతో వాటా తీరిపోయిందనే మాట ఊళ్లో నడుస్తూనే ఉంది. 2015-16 వ్యవసాయ గణనలో దేశం మొత్తం మీద సాగు కమతాల్లో ఆడవాళ్ల పేరున ఉన్నవి 14 శాతం లోపే. 2023-24 కార్మిక సర్వేలో గ్రామాల్లో పనిచేసే ఆడవాళ్లలో నూటికి దాదాపు 77 మంది వ్యవసాయంలో ఉన్నారు. పని 77, పేరు 14. ఈ 2026ను ఐక్యరాజ్య సమితి మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది. సభలు పెడతారు, శాలువాలు కప్పుతారు, కాదనను. మా వదినకు శాలువా వద్దు, ఆమె పేరున కార్డు ఇవ్వండి.

ఇది దూబగుంట పుట్టిన జిల్లా అని మీకు గుర్తుచేయనక్కర్లేదు. 1992లో రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు సారా ప్యాకెట్లను ఊరి పొలిమేర దాటించారు. మరుసటి ఏడాది రాష్ట్రమంతా సారా ఆగింది. ఆ ఉద్యమం తరువాతే ఇక్కడ ఇంటింటా పొదుపు మొదలైంది. మా అత్తమ్మ సంఘంలో చేరింది ఆ రోజుల్లోనే. సంతకం నేర్చుకున్న ఆ తరం కోడళ్లం, ఇవాళ ఇంకొకరి సంతకం కోసం తిరుగుతున్నాం.

8. యానాదులు, దళితులు. మా ఊరి యానాది కాలనీలో కొందరికి ఆధార్ లేదు, ఉన్నవారిలో కొందరికి వేలిముద్రలు పడవు. ఒక పెద్దమ్మ ఉంది. జీవితమంతా నాట్లు, కలుపు, చేపల చెరువుల కాపలా. యంత్రం మీద బొటనవేలు పెడితే పడలేదు. కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టింది, నీళ్లతో కడుక్కుని మళ్లీ పెట్టింది. ఆరోసారి తరువాత తానే వరుసలోంచి పక్కకు జరిగింది. ఆమె వేలు దగ్గరగా చూశాను. గీతలు నిజంగానే లేవు, గులకరాయిలా నున్నగా ఉంది. పని చేసి అరిగిన వేలే ఆమెకు సాయం అందకుండా చేస్తోంది.

దళితులకు 1970లలో ఉమ్మడి సేద్య సహకార సంఘాల పేరుతో ఇచ్చిన భూములు మన జిల్లాలో ఉన్నాయి. సీజేఎఫ్‌ఎస్ భూములంటే మీకు వెంటనే తెలుస్తుంది. ఎవరి చెక్క ఎవరిదో ఊళ్లో అందరికీ తెలుసు. చాలా చోట్ల కాగితం మాత్రం ఇంకా సంఘం పేరునో, చనిపోయిన తాత పేరునో ఉంది. రిజిస్ట్రేషన్లు నిషేధించిన 22-ఏ జాబితాలో ఇరుక్కున్న అసైన్డ్ భూములదీ అదే కథ. సొంత భూమి దున్నుతూ కూడా అప్పు పుట్టని రైతులు వీరు.

9. ప్రకాశం వైపు చుట్టాల మాట. టంగుటూరు, కొండపి ప్రాంతాల్లో పొగాకు బ్యారన్లు (పచ్చాకును వేడితో ఆరబెట్టే గదులు) కౌలుకు తీసుకునేవారున్నారు. వేలం కేంద్రంలో అమ్మకం నమోదైన రైతు పేరునే జరగాలి. ఆకు కాల్చే రోజుల్లో రాత్రంతా మంట దగ్గర కూర్చునేది ఒకరు, డబ్బు జమయ్యే ఖాతా ఇంకొకరిది. దాని గురించి నాకంటే వారే బాగా చెప్పగలరు, వారిని పిలిచి వినండి.

10. చివరిది రాయడానికి చెయ్యి ఆడదు. అప్పుల బాధతో రైతు ప్రాణం తీసుకుంటే కుటుంబానికి 7 లక్షల సాయం ఉంది. ఆర్డీవో అధ్యక్షతన త్రిసభ్య కమిటీ విచారిస్తుంది. చనిపోయినవాడు కౌలు రైతు అయితే, అతను రైతే అని అతని భార్య రుజువు చేయాలి. బ్యాంకులో అప్పు లేదు, వడ్డీ వ్యాపారి నోటు చూపించడు, కౌలు నోటిమాట. పుస్తెలు తీసిన నెలలోనే ఆమె సాక్ష్యాల కోసం గడపగడపకూ తిరగాలి. బతికున్నప్పుడే అతని పేరు ఒక కాగితం మీద ఉండి ఉంటే ఈ తిరుగుడు ఉండదు.

రైతు ఎవరు అన్న ప్రశ్న కొత్తది కాదు. 2007 జాతీయ రైతు విధానం రైతు అనే మాటలోకి కౌలుదారులను, పాలికి చేసేవారిని, వ్యవసాయ కూలీలను, పశువుల కాపరులను, మత్స్యకారులను, అటవీ ఫలసాయం సేకరించే గిరిజనులను కూడా చేర్చింది. ఆ విధానం మన దేశం రాసుకున్నదే. మేము దానికి మించి అడగడం లేదు.

మేము అడుగుతున్నవి:

1. 2019 చట్టంలో యజమాని సంతకం తప్పనిసరి అన్న నిబంధన తీసేయాలి. పొలంలో విచారణ, చుట్టుపక్కల రైతుల సాక్ష్యం, గ్రామసభ, వీటి మీద కార్డు ఇవ్వండి. యజమానికి నోటీసు ఇచ్చి, అభ్యంతరం చెప్పడానికి 15 రోజులు గడువు పెట్టండి. ఇది శాసనసభ చేయవలసిన పని, అందుకే ప్రజాప్రతినిధులనూ ఈ లేఖలో కలిపాను.

2. సవరణ వచ్చేదాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది. పంట నమోదులో పొలంలో ఉన్న సాగుదారు పేరు, ఆమె ఫోను నంబరు రాయమని సిబ్బందికి రాతపూర్వకంగా ఆదేశాలివ్వండి. నోటితో చెబితే వారు జంకుతారు. జాబితా రైతు సేవా కేంద్రం గోడకు అంటించండి, తప్పుంటే ఊరే చెబుతుంది.

3. యజమానుల భయం తీర్చడం ప్రభుత్వం బాధ్యత. కార్డు వల్ల భూమి పోదని తహసీల్దారు ఊళ్లోకి వచ్చి, మైకులో చెప్పాలి. బయట ఊళ్లలో ఉన్న యజమానులకు ఉత్తరం రాయాలి. మేము చెబితే నమ్మరు.

4. నెల్లూరు జిల్లాలో కార్డుల నమోదు ఎడగారుకు ఒకసారి, రబీకి ఒకసారి, కౌళ్లు తేలిన తరువాత జరగాలి.

5. సొంత భూమి ఉన్న ఇంట్లో భార్యాభర్తలిద్దరి పేర్లూ రైతులుగా నమోదు చేయండి. వితంతువుల వారసత్వ మార్పిడి దరఖాస్తులకు గడువు పెట్టి తేల్చండి.

6. యానాది కాలనీల్లో ఆధార్ శిబిరాలు పెట్టండి. వేలిముద్ర పడనివారికి కంటి గుర్తింపు యంత్రం తీసుకురండి, అదీ కుదరకపోతే గ్రామ అధికారి ధ్రువీకరణతో సాయం ఇవ్వండి. సీజేఎఫ్‌ఎస్ భూముల్లో సాగులో ఉన్నవారికి విడివిడిగా పట్టాలు ఇవ్వడం ఎక్కడ ఆగిందో మండలాల వారీగా చెప్పండి.

7. బ్యాంకర్ల సమావేశంలో మొత్తం వ్యవసాయ రుణాలు ఎన్ని కోట్లని మాత్రమే చెబుతారు. అందులో కౌలుదారులకు ఎంత, ఆడవాళ్లకు ఎంత, ఎస్సీ, ఎస్టీలకు ఎంత, బంగారం మీద ఇచ్చింది ఎంత అన్నది బ్రాంచీల వారీగా బయటపెట్టండి. యంత్రాల రాయితీల్లోనూ అంతే. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, చిన్న సన్నకారు రైతులకు 50 శాతం రాయితీ అని నియమం ఉంది. ఆ ట్రాక్టర్లు, ఆ స్ప్రేయర్లు ఎవరి ఇంటి ముందు ఉన్నాయో ప్రజలకు తెలియాలి.

ఇప్పుడు కోతలు జరుగుతున్నాయి. ఎడగారు నాట్లకు ఎక్కువ రోజులు లేవు. ఈలోగా మా ఊరికి ఒక వ్యవసాయ అధికారిని, ఒక రెవెన్యూ అధికారిని కలిపి పంపమని ప్రార్థిస్తున్నాను. సంఘం సభ్యులం ఇల్లిల్లూ తిరిగి కౌలు చేస్తున్నవారి జాబితా రాశాం. 38 పేర్లు, వాటిలో 17 ఆడవాళ్లవి, ఎవరు ఏ సర్వే నంబరులో ఎన్నేళ్లుగా చేస్తున్నారో అన్నీ ఉన్నాయి. కార్డులున్నది ఐదుగురికి. జాబితా నకలు అర్జీతో మళ్లీ జతచేస్తున్నాను. అధికారులు ఏ రోజు వచ్చినా సరే, ముందుగా చెప్పనక్కర్లేదు. మేము పొలంలోనే ఉంటాం.

ఇట్లు,
పొదుపు సంఘం లెక్కలు రాసే ఒక కౌలు రైతు,
పెన్నా ఆయకట్టు, నెల్లూరు జిల్లా